ఆడామె తరఫున ఆడ వకీలు

మహేందర్ ఆ రోజు పొద్దున తనే టీ పెట్టి, కప్పు తెచ్చి చేతికిచ్చేసరికి సుచిత్రకు సంతోషం కలగలేదు, అనుమానం వచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఆ మనిషికి వంటింట్లో చక్కెర డబ్బా ఏదో ఉప్పు డబ్బా ఏదో తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. అలాంటివాడు అల్లం కూడా దంచి వేశాడు. మరీ ఎక్కువ వేశాడు, గొంతు మండింది, అది వేరే సంగతి. కూతురు వర్ష టిఫిన్ డబ్బాలో చపాతీ చుట్టి పెడుతున్నదల్లా చెయ్యి ఆపి, కప్పు అందుకుని, అతని ముఖంలోకి చూసింది. అతను నవ్వాడు. కోర్టులో అవతలి పక్షం సాక్షిని మొదటి ప్రశ్న అడిగే ముందు నవ్వే నవ్వు అది. దాని తర్వాత ఏదో ఒకటి వస్తుందని ఆమెకు తెలుసు కాబట్టి, స్టవ్ తగ్గించి నిలబడింది.

"షామీర్‌పేట దిక్కు భూమి పంపకాల కేసు ఒకటి వచ్చింది. గిది నువ్వే సూడు," అన్నాడు మహేందర్. "నా పేరు వద్దు. వకాలత్ నీ పేరు మీదనే. వాదించుడు గూడ నువ్వే."

ఈ మాట కోసం ఆమె ఎన్నేళ్లుగా అడుగుతోందో అతనికి తెలియనిది కాదు. ఇద్దరూ ఒకే కాలేజీలో లా చదివారు. మార్కులు ఆమెకే ఎక్కువ వచ్చాయి, ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. మేడ్చల్ మెయిన్ రోడ్డు పక్కన షట్టర్ అద్దెకు తీసుకుని ఆఫీసు పెట్టినప్పుడు బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయించారు. అతని పేరు ఎర్రటి పెద్ద అక్షరాల్లో, ఆమె పేరు దాని కింద సన్నగా, చదవాలంటే దగ్గరికి వచ్చి మెడ ఎత్తాల్సినంత చిన్నగా. దావాలు రాసేది ఆమె. అవతలివాళ్ల దావాలకు జవాబులు రాసేది ఆమె. పాత తీర్పులు వెతికి గుర్తులు పెట్టి ఇచ్చేది ఆమె. నల్లకోటు సర్దుకుని లేచి నిలబడి మాట్లాడేది మాత్రం అతను. ఆమె కూడా కోర్టుకు పోతుంది, వాయిదా అడగడానికి. అతను ఇంకో కోర్టు హాల్లో ఉన్నప్పుడు "మా సీనియర్ వస్తున్నారు సార్, కొంచెం టైమ్ ఇవ్వండి" అనడానికి. సొంత మొగుణ్ని సీనియర్ అనడం మొదట్లో సరదాగానే ఉండేది. క్లయింట్లు ఆఫీసులోకి వచ్చి, ఎదురుగా కోటు వేసుకుని కూర్చున్న ఆమెను చూసి, సార్ లేడా మేడం అని అడుగుతారు. లేడంటే బయట మెట్ల మీద కూర్చుని ఎదురు చూస్తారే తప్ప ఆమెకు విషయం చెప్పరు. కొందరు మంచినీళ్లు అడుగుతారు. ఆమె తెచ్చి ఇస్తుంది, ఇచ్చాక తన మీద తనకే కోపం వస్తుంది.

సొంతంగా ఒక్క కేసు చేస్తానని ఎప్పుడడిగినా మహేందర్ దగ్గర ఒకే జవాబు. నీకెందుకే నిలబడి అరుసుడు, నీడపట్టున రాసుకునే పని హాయిగ లేదా అనేవాడు. అత్త కమలాబాయిది ఇంకో పాట. ఇంట్ల ఒక్క వకీలు సాలడా, ఇద్దరు గూడి ఎవల మీద కొట్లాడుతరు అనేది. పైగా కోర్టుకు పోయే ఆడదానికి ఇంట్లో కూడా నోరు ఊరుకోదని చుట్టాలందరి ముందూ నవ్వుతూ అనేది. నవ్వుతూ అంటే తిరిగి అనడానికి ఉండదు కదా. అలాంటి ఇంట్లో అల్లం టీ, సొంత కేసు ఒకే పొద్దున రావడమంటే ఎవరికైనా ఏదో తేడాగానే ఉంటుంది. ఈయన ఎక్కడైనా ఇరుక్కున్నాడా, ఇంకెవరితోనైనా తిరుగుతున్నాడా, లేక ఒంట్లో ఏదైనా జబ్బు బయటపడి చెప్పలేకపోతున్నాడా అని వర్షను స్కూలు ఆటో ఎక్కించేదాకా ఆలోచించింది. ఆటో వెళ్లిపోయాక మాత్రం ఒక్కతే గేటు దగ్గర నిలబడి నవ్వుకుంది. అనుమానం అనుమానమే, కానీ కేసు తనది. ఆ సంతోషాన్ని దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

ఆ మధ్యాహ్నమే క్లయింటు వచ్చింది. పేరు మైసమ్మ. పుట్టిల్లు షామీర్‌పేట చెరువు అవతలి ఊరు, కాపురం జవహర్‌నగర్‌లో. మొగుడు పోయాడు, చెత్త వేరుచేసే షెడ్డులో కూలికి పోతుంది. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గుమ్మం దగ్గరి స్టూలు మీదికి పోయింది. ఈడ గాలి వస్తది బిడ్డ అంది. అసలు సంగతి గాలి కాదని సుచిత్రకు అర్థమైంది. తన చీరకు పట్టిన డంపింగ్ యార్డ్ వాసన ఎదుటివాళ్లకు తగలకుండా దూరంగా కూర్చోవడం ఆమెకు అలవాటైపోయింది. ఆమెను కారులో తీసుకొచ్చిన మనిషి మాత్రం కుర్చీ లాక్కుని నిండుగా కూర్చున్నాడు. తెల్లచొక్కా, వేలికి లావుపాటి ఉంగరం. మాదీ గదే ఊరు మేడం, నాకు అక్క అయితది, ఆమెకు సదువు రాదు, ఏమన్న ఉంటే నన్నడుగున్రి అన్నాడు.

సుచిత్ర మైసమ్మనే అడిగింది. తండ్రి పేరడిగితే అతను చెప్పాడు. భూమి ఏ సర్వే నంబరులో ఉందంటే అతను చెప్పాడు. అన్నదమ్ములెందరంటే ఒక్కడే తమ్ముడు, బాలేష్, అని లోపలి నుంచి మహేందర్ అందించాడు. మీ బాపు భూమిలో నీ వాటా కోసం కేసు వేస్తున్నాం, తెలుసు కదా అక్కా అని సుచిత్ర కొంచెం గట్టిగానే అడిగింది. మైసమ్మ ఆ మనిషి వైపు చూసింది. ఆమెకు అన్ని జెప్పిన మేడం అన్నాడతను. అప్పుడు మైసమ్మ తల ఊపింది. మీరు కాసేపు బయట కూర్చోండి, ఆమెతో ఒక్కదానితో మాట్లాడాలి అనబోయిందో లేదో, మహేందర్ బయటికి వచ్చి టైమ్ అవుతోందని, వేలిముద్రలు తీసుకొమ్మని తొందర పెట్టాడు. ఆమె తీసుకుంది. ఫోన్ నంబరు అడిగితే ఆ మనిషే తన నంబరు చెప్పాడు. మైసమ్మకు ఫోన్ లేదట.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతులని అప్పుడే అనిపించింది సుచిత్రకు. అనిపించినా, దావా రాయడం మొదలుపెట్టాక ఆ మెలకువ కొంచెం మత్తులో పడింది. ఇన్నాళ్లూ ఇంకొకరి నోటికి మాటలు రాసిచ్చింది, ఇప్పుడు తన నోటితో తనే అనబోయేవి రాసుకుంటోంది. తండ్రి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా సగం. వీలునామా లేదు, పంపకం జరగలేదు, ఆమె ఎక్కడా హక్కు వదులుకోలేదు. ఇంత గట్టి కేసు మొదటిసారే తన చేతికి రావడం అదృష్టమనుకుంది. దండెం మీద బట్టలు ఆరేస్తూ వాదన వల్లించుకుంది. బియ్యం కడుగుతూ జడ్జి అడగబోయే ప్రశ్నలు తనే వేసుకుని తనే జవాబులు చెప్పుకుంది. పప్పు మాడింది ఒకరోజు. మామూలుగానైతే ఆ మాడు వాసన పది రోజులు ఇంట్లో వినబడేది. ఆ రోజు కమలాబాయి ఏమీ అనలేదు. గిన్నె తనే నానబెట్టి, నువ్వు నీ కేసు సూస్కో బిడ్డ, కూర నేను వండుత అంది. ఆ కేసు సంగతి సుచిత్ర అత్తకు చెప్పనే లేదు. ఆ వారమే పెయింటర్ వచ్చి ఆఫీసు బోర్డు తిరగరాశాడు. ఆమె పేరు మొగుడి పేరంత పెద్దగా, అదే ఎర్ర రంగులో. రోడ్డుకు అటువైపు నిలబడి చూసినా కనబడింది. మహేందర్ పక్కనే నిలబడి ఎలా ఉందని అడిగాడు. బాగుందంది. ఒక్క పంపకాల కేసుకు ఇన్ని మర్యాదలేమిటని లోపల ఏదో పీకుతూనే ఉంది.

మొదటి వాయిదా రోజు ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని కోర్టుకు పోయింది. కేసు పిలిచారు. వాది తరఫున అంటూ లేచి నిలబడింది. ఆమె వెనక ఈసారి రావాల్సిన సీనియర్ ఎవరూ లేరు. గొంతు బాగానే వచ్చింది. ప్రతివాది తరఫున లేచింది సుధీర్. మహేందర్‌కు చదువుకునే రోజుల నుంచి దోస్తు, ఆదివారాలు ఇంటికి వచ్చి వదినా ఇంకొంచెం కూర అని అడిగి వేయించుకుని తినే మనిషి. అది కూడా సరే, వకీళ్లలో దోస్తులు ఎదురెదురు నిలబడడం మామూలే. సుధీర్ వెనక నుంచి ప్రతివాది బాలేష్ చేతులు జోడించి ముందుకొచ్చాడు. తెల్లచొక్కా, వేలికి లావుపాటి ఉంగరం. మైసమ్మను కారులో తెచ్చి, ఆమె మీద పడే ప్రతి ప్రశ్నకూ తనే జవాబు చెప్పి, సుచిత్ర ఆఫీసు కుర్చీలోనే కూర్చుని సొంత అక్క చేత తన మీదే కేసు వేయించిన మనిషి.

సుచిత్ర ఇంకా ఆ ఉంగరం వైపే చూస్తోంది. అక్కాతమ్ముళ్లు రాజీకి వచ్చారని, ఈ కేసును వచ్చే లోక్ అదాలత్‌కు పంపమని సుధీర్ అడుగుతున్నాడు. వాదికి అభ్యంతరం ఉందా అని జడ్జి ఆమెను అడిగాడు. వెనక బెంచీ మీద కూర్చున్న మహేందర్ తల అడ్డంగా ఊపుతూ కనబడ్డాడు. వల్లించుకున్న వాదనంతా ఎక్కడికి పోయిందో, లేదు సార్ అనే మాట ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఇన్నేళ్లు వాయిదాలు అడిగిన నోరు కదా. బయట బాలేష్ అందరికీ చాయ్ తెప్పించాడు. అక్కకు తనే చల్లార్చి ఇచ్చాడు. అదాలత్ రోజుతో అంతా అయిపోతుంది కద సార్ అని అడిగాడు. తన వకీలు సుధీర్ పక్కనే ఉన్నా, అడిగింది మహేందర్‌ను.

ఆ సాయంత్రం ఇంట్లో ముగ్గురూ హాల్లో ఉన్నారు. అత్తాకోడళ్లు కింద కూర్చుని పుంటికూర తెంపుతున్నారు, మహేందర్ సోఫాలో ఫోన్ చూస్తున్నాడు. సుచిత్ర తల ఎత్తకుండానే అడిగింది, బాలేష్ మీ క్లయింటా అని. మహేందర్ దాచలేదు. దాచాల్సిన పని అని కూడా అనుకోలేదు, అదే ఆమెను ఎక్కువ బాధించింది. కొత్త క్లర్కుకు పని నేర్పినట్టు ఓపికగా చెప్పాడు. ఆ భూమి రింగు రోడ్డుకు దగ్గర, వెంచర్ వాళ్లు కొనడానికి సిద్ధంగా ఉన్నారు. ఆడబిడ్డ వాటా పేచీ రేపు రాకుండా కోర్టు కాగితం తెమ్మన్నారు. రిజిస్ట్రార్ దగ్గర ఆమె చేత హక్కు విడుపు రాయించుకుంటే, తెలియక వేలు వేశానని రేపు ఎవరైనా ఆమె చేత కేసు వేయించొచ్చు. లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు లేదు. అందుకని ముందు ఆమే కేసు వేయాలి, తర్వాత ఆమే రాజీ పడి భూమంతా తమ్ముడిదే అని ఒప్పుకోవాలి. ఇటువైపు అందరూ చేసేదే ఇది.

"మరి ఆమె తరఫున మీరే నిలబడొచ్చు కద," అంది సుచిత్ర.

"నేను, సుధీర్ దోస్తులమని కోర్టుల అందరికి ఎరుకే. జడ్జికి డౌట్ వస్తది, నాలుగు ప్రశ్నలు అడుగుతడు. ఆడామె తరఫున ఆడ వకీలు ఉంటే ఎవ్వడు ఏం అడగడు."

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో తన తెలివికి తనే మురిసిపోవడం కనబడింది. సుచిత్ర చేతిలోని కాడ అలాగే ఉండిపోయింది. టీ ఎందుకో, బోర్డు ఎందుకో, పప్పు మాడినా ఎవరూ ఎందుకు అరవలేదో అన్నీ ఒక్కసారి తెలిశాయి. ఆమె చదువు వాళ్లకు అక్కర్లేదు. రాసిన దావా అక్కర్లేదు, ఎంత బాగా రాసిందో ఎవరూ చదవను కూడా లేదు. కావాల్సింది నల్లకోటు తొడుక్కున్న ఒక ఆడమనిషి, ఆ మనిషి మీద జడ్జికి ఉండే నమ్మకం. ఇన్నేళ్లు ఇంటికి, ఆఫీసుకు ఊరికే చేసిన చాకిరీలో కూడా ఇంత అవమానం ఆమెకు తగల్లేదు.

మైసమ్మకు ఏమిస్తున్నారని అడిగింది. పసుపు కుంకుమ కింద ఏదో ఇస్తారట, చీర పెడతారట. ఆమె ఒప్పుకున్నదని మీకెట్ల తెలుసంటే, నువ్వే వేలిముద్ర తీసుకున్నవు గద అన్నాడు. కమలాబాయి మధ్యలో కల్పించుకుంది. తనూ పుట్టింటి మడి వద్దని సంతకం పెట్టి వచ్చిందట, దాంతో తనేమైనా చిన్నదైపోయిందా, పుట్టిల్లు కావాల్నా మన్ను కావాల్నా, ఏడాదికోసారి అన్నలు చీర పెట్టి పంపుతారు, అది చాలదా అంది. ఆ చీర వచ్చి ఎన్నాళ్లయిందో సుచిత్రకు తెలుసు. పెద్దన్న పోయాక అటువైపు నుంచి ఫోన్ కూడా లేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు గానీ, కమలాబాయి తెంపిన ఆకునే మళ్లీ మళ్లీ తెంపుతూ కూర్చుంది.

"నువ్వు అడిగిందే గద ఇన్నేండ్ల సంది, సొంత పేరు కావాలని," అన్నాడు మహేందర్ లేస్తూ. "గీ వెంచర్ పని మనకు వస్తే రిజిస్ట్రేషన్లు, కాయితాలు అన్ని నువ్వే సూసుకోవచ్చు. జెర మనసు పెద్దగ చేస్కో."

లోక్ అదాలత్ వచ్చేదాకా సుచిత్ర ఇంట్లో మామూలుగానే తిరిగింది, వంట చేసింది, వర్షకు లెక్కలు చెప్పింది, లోపల మాత్రం ఒక్క క్షణం నిలకడ లేదు. వకాలత్ వదులుకుంటే ఏమవుతుంది అని ఆలోచించింది. ఏమీ కాదు, సుధీర్ సాయంత్రానికల్లా ఇంకో ఆడ వకీలును వెతికి తెస్తాడు, మేడ్చల్‌లో కాకపోతే కుత్బుల్లాపూర్ నుంచి తెస్తాడు, తన పేరు పోతుంది తప్ప మైసమ్మ భూమి మిగలదు. నోరు మూసుకుంటే? బోర్డు ఉంటుంది, పనులుంటాయి, ఇంట్లో శాంతి ఉంటుంది, ఇన్నాళ్లూ కోరుకున్నదంతా ఉంటుంది. ఆ చివరి మాట దగ్గర మనసు ఎంతసేపు ఆగిపోయిందో తలుచుకుంటే ఆమెకే భయం వేసింది. నోరు విప్పితే మొగుడి పరువు బార్ అసోసియేషన్‌లో పోతుంది, సుధీర్ ఊరంతా చెప్తాడు, మొగుణ్నే కోర్టులో నిలబెట్టిన ఆడదాని దగ్గరికి ఏ క్లయింటు వస్తాడు, అసలు ఆ ఇంట్లోకి తిరిగి ఎలా పోవాలి. తనమీద తనకే ఇంకో అనుమానం. ఈ బాధంతా మైసమ్మ కోసమా, లేక నన్ను వాడుకున్నారన్న రోషమా? రెండూ అని ఒప్పుకుంది. అన్నిటికన్నా పెద్ద అనుమానం మైసమ్మ మీదే. ఆమె నిజంగానే ఒప్పుకుని ఉంటే? పుట్టిల్లు పోతుందన్న భయంతో తెలిసే వదులుకునే ఆడవాళ్లు ఎంతమంది లేరు, ఇంట్లోనే ఒకరున్నారు. అలాగైతే మధ్యలో దూరడానికి తనెవరు? ఆ ఒక్కటీ తెలుసుకోవాలని ఫోన్ చేసింది. బాలేష్ ఎత్తాడు. అక్క పనికి పోయిందన్నాడు, ఏందో నాకు జెప్పున్రి మేడం అన్నాడు. ఇంటికే పోదామని చిరునామా చూస్తే దావాలో బాలేష్ రాయించింది పుట్టింటిదే, అంటే తమ్ముడి ఇల్లే. తను రాసిన దావా, తను అడగాల్సిన చిరునామా. జవహర్‌నగర్‌లో మైసమ్మ ఇల్లంటే ఎవరిని అడగాలి, ఆ పేరు లేని గల్లీ ఉంటుందా అక్కడ.

లోక్ అదాలత్ రోజు కోర్టు ఆవరణ జాతరలా ఉంది. చెక్కు కేసులు, చిన్న కొట్లాటలు, విడిపోయి మళ్లీ కలుస్తున్న జంటలు. బాలేష్ అక్కను కొత్తచీరలో తీసుకొచ్చాడు, మడతలు ఇంకా పోలేదు. ఆమె పక్కనుంచి కదలడం లేదు. మహేందర్ అతని పక్కనుంచి కదలడం లేదు. ఎంత ప్రయత్నించినా మైసమ్మతో ఒక్క మాటకు సందు దొరకలేదు సుచిత్రకు. చివరికి విసిగిపోయి, ముఖం కడుక్కుందామని ఆడవాళ్ల టాయిలెట్ వైపు నడిచింది. దాని తలుపుకు గడియ ఊడిపోయి చాలా కాలమైంది. ఎన్ని అర్జీలు ఇచ్చినా ఎవరూ పెట్టలేదు. అందుకని ఆడ వకీళ్లు ఎప్పుడూ ఇద్దరేసి పోతారు, ఒకరు లోపల ఉంటే ఒకరు బయట తలుపు పట్టుకుంటారు. తోడు ఎవరా అని వెనక్కి చూస్తే మైసమ్మ వస్తోంది, ఒక్కతే. బాలేష్ వరండా చివర ఆగిపోయాడు. ఆ కోర్టు మొత్తంలో అతను రాలేని చోటు అదొక్కటే.

"నేను వట్టుకుంట, నువ్వు పో బిడ్డ," అంది మైసమ్మ. సుచిత్ర లోపలికి వెళ్లింది. ముఖం మీద నీళ్లు చల్లుకుని, తలుపు అవతలికి వినబడేలా అడిగింది, ఇయ్యాల ఏం జరుగుతుందో నీకు తెలుసా అక్కా అని.

"ఎందుకు ఎరుక లేదు," అంది మైసమ్మ. గొంతులో సంబరం ఉంది. "మా తమ్ముడు మంచోడు బిడ్డ. బాపు పోయి గిన్నేండ్లకు నన్ను యాద్ జేసిండు. భూమి పాస్‌బుక్కుల నా పేరు గూడ ఎక్కిస్తనన్నడు. గందుకే పని ఇడిసిపెట్టి తిరుగుతున్న."

సుచిత్ర తడిచేత్తో తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. ఇన్ని రోజులు లోపల తిరిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. తలుపు తీసి, అక్కా అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. నంబర్ పిలుస్తున్నారని వరండా నుంచి మహేందర్ కేకేశాడు. బాలేష్ నాలుగు అంగల్లో వచ్చి అక్క మోచేయి పట్టుకుని నడిపించుకుపోయాడు. సుచిత్ర వాళ్ల వెనక నడిచింది. ఏం చేయాలో అప్పటికీ ఆమెకు స్పష్టంగా లేదు, చేయకుండా ఉండలేనని మాత్రం తెలుసు.

బెంచి మీద జడ్జి, ఆయనకు అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. రాజీ కాగితం ఇంగ్లీషులో ఉంది, అన్నీ అలాగే ఉంటాయి. అందుకనే ప్రతి కేసులోనూ వకీలును ఒక ప్రశ్న అడుగుతారు, పార్టీకి చదివి వినిపించారా, తెలుగులో అర్థమయ్యేలా చెప్పారా అని. ప్రతి వకీలూ చెప్పాం సార్ అంటాడు, బడిలో హాజరు పలికినట్టు తల ఎత్తకుండా. జవాబు వచ్చేలోపే జడ్జి సంతకం సగం అయిపోతుంది. వకీలు చెప్పాననడం, జడ్జి నమ్మడం, చదువు రాని మనిషి వేలు వేయడం ఏ రోజైనా అలాగే జరిగిపోతుంది. మహేందర్ ఇంత లెక్క వేసుకున్నది ఆ ఒక్క అలవాటు మీదే. ఆ జవాబు గురించి సుచిత్రకు ముందుగా చెప్పి ఉంచాలని కూడా అతనికి తోచలేదు, ఎవరికి తోచినా వింతే.

సుధీర్ తన వంతు చెప్పాడు. జడ్జి కాగితం మీదికి వంగి, మీరు చెప్పారా మేడం అన్నాడు. గుమస్తా అప్పటికే మైసమ్మ బొటనవేలు పట్టుకుని సిరా పూస్తున్నాడు. ఆమె తమ్ముడి వైపు చూసి నవ్వుతోంది. మహేందర్ సుచిత్ర వెనక ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు.

"చెప్పలేదు సార్," అంది సుచిత్ర.

జడ్జి కలం ఆగింది. ఆయన తల ఎత్తి మొదటిసారి ఆమె ముఖం చూశాడు. ఇప్పుడు చెప్తాను సార్ అంది. సుధీర్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపి, చెప్పండి అన్నాడు జడ్జి. సుచిత్రా అని మహేందర్ వెనక నుంచి లోగొంతుతో పిలిచాడు, ఇంట్లో పిలిచే గొంతు అది. ఆమెకు వినబడింది. వెనక్కి తిరగలేదు. మైసమ్మ వైపు తిరిగి, గుమస్తా చేతిలోంచి ఆమె చెయ్యి విడిపించింది. ఆఫీసులోనూ కోర్టులోనూ మాట్లాడే తెలుగు పక్కనపెట్టి, తన అవ్వతో మాట్లాడిన తెలుగులో మెల్లగా, ఒక్కో మాటా తెలిసేలా చెప్పింది.

"మైసమ్మక్కా, నా దిక్కు సూడు. మీ బాపు భూమిల నీకు సగం ఉన్నది. గిది నీ పేరు ఎక్కిచ్చే కాయితం గాదు, తీసేసే కాయితం."